వాట్సాప్ కాల్ ఎవరూ వినలేరు, సరే. మరి బ్యాకప్?

ఫోన్ ట్యాపింగ్ వార్త పేపర్లకెక్కినప్పుడల్లా దాని వెనకాలే ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది: *#21# కొట్టి చూడండి, మీ ఫోన్ ట్యాప్ అవుతోందో లేదో తేలిపోతుంది అని. తేలదు. ఆ కోడ్ చెప్పేది మీకొచ్చే కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా అన్న ఒక్క సంగతే. అది తెలుసుకోవడం మంచిదే. కాల్ ఫార్వర్డింగ్ పెట్టించి ఓటీపీ కాల్స్ కొట్టేసే మోసగాళ్లు ఉన్నారు, అనుమానం వస్తే ##002# కొట్టి మళ్లింపులన్నీ తీసేయొచ్చు. ట్యాపింగ్ మాత్రం మీ ఫోన్‌లో జరిగే పని కాదు. మీ మాట ఫోన్ నుంచి టవర్ దాకా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళం వేసిన రూపంలోనే పోతుంది. కంపెనీ నెట్‌వర్క్ లోపలికి చేరాక ఆ తాళం విప్పేస్తారు. ప్రభుత్వ ఆదేశం వచ్చిన నంబరు అయితే అక్కడే కాల్‌కి, ఎస్సెమ్మెస్‌కి ఒక నకలు తీసి ఏజెన్సీకి పంపుతారు. నకలు తీస్తున్నారని హ్యాండ్‌సెట్‌కు తెలిసే దారే లేదు. ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ త్వరగా అయిపోవడం, మధ్యలో టిక్కుమనే చప్పుడు, ఇవేవీ ఈ రకం ట్యాపింగ్‌కు ఆనవాళ్లు కావు.

ఆ ఆదేశం ఇచ్చేది జడ్జి కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఎవరు పడితే వారు వింటున్నారని పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని హద్దులు గీసింది. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోం కార్యదర్శే ఆదేశమివ్వాలి, అది రెండు నెలలకు చెల్లిపోవాలి, ఎంత పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, పైన ఒక సమీక్ష కమిటీ ఉండాలి. 2007లో టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఏగానూ, 2024 డిసెంబరులో కొత్త టెలికం చట్టం కింది నిబంధనలుగానూ దాదాపు అదే చట్రం కొనసాగింది: 60 రోజులు, గరిష్ఠంగా 180. కమిటీకి ఢిల్లీలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు. ఒక అధికారి సంతకాన్ని ఇంకో ముగ్గురు అధికారులు చూస్తారన్నమాట. ఎస్ఎఫ్ఎల్‌సీ అనే సంస్థ ఆర్టీఐ ద్వారా రాబట్టి 2014లో బయటపెట్టిన లెక్క ప్రకారం, కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా టెలిఫోన్ ఆదేశాలు ఇచ్చేది. కమిటీ కూర్చునేది రెండు నెలలకోసారి. ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు సమీక్షించాలి. 2018లో డేటా రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నివేదిక కూడా ఈ అంకెలనే ఎత్తి చూపింది. అన్ని కాగితాల మీద సంతకాలు పెట్టడానికే పొద్దు చాలదు, చదవడం సంగతి చెప్పక్కర్లేదు.

తెలంగాణలో 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైన కేసు సంగతి తెలిసిందే. ప్రధానంగా మావోయిస్టుల సమాచారం కోసం ఉన్న స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్, ప్రతిపక్ష నాయకుల ఫోన్లూ ఇతరుల ఫోన్లూ విన్నదని, ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అక్కడ నన్ను నిలబెట్టే ప్రశ్న ఒకటే: విన్నారని ఆ మనుషులకు తెలిసేదెలా? అమెరికాలో క్రిమినల్ కేసుల్లో ట్యాపింగ్‌కు జడ్జి ఆదేశం కావాలి, గడువు ముగిసిన 90 రోజుల్లోగా ఆ సంగతి సదరు వ్యక్తికి తెలియజేయాలి. వాయిదా కావాలంటే మళ్లీ జడ్జినే అడగాలి. మన నిబంధనల్లో తెలియజేయడమన్న ఊసే లేదు. తెలియనివాడు కోర్టుకెక్కడు. 'నేనేం తప్పు చేయట్లేదు, వింటే విననీ' అనేవాళ్లు ఆలోచించాల్సింది ఈ మెలిక గురించే. తప్పు చేయకపోయినా మీ నంబరు జాబితాలోకి ఎక్కొచ్చు, ఎక్కిన సంగతి ఎప్పటికీ మీ చెవిన పడకపోవచ్చు.

కాబట్టి 'మామూలు కాల్ వద్దు, వాట్సాప్‌లో మాట్లాడుకుందాం' అనే అలవాటును నేను వెక్కిరించను. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్‌లూ కాల్స్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో నడుస్తున్నాయి. వాడేది సిగ్నల్ అనే మరో మెసేజింగ్ యాప్ వాళ్లు తయారుచేసిన ప్రోటోకాల్. తాళంచెవులు రెండు చివర్లా ఉన్న ఫోన్లలోనే ఉంటాయి. మధ్యలో టెలికం కంపెనీ నకలు తీసినా దాని చేతికొచ్చేది చదవరాని బైట్లే. దారి వరకు భద్రం. లీకయ్యేది దారి చివర్లలో, అక్కడ పేరుకునే నకళ్లలో. ఏ యాప్ మంచిదన్న చర్చకు పెట్టే సమయంలో సగం బ్యాకప్ మీద, సిమ్ మీద, చేతిలోని ఫోన్ మీద పెడితే మామూలు మనిషికి రక్షణ ఎన్నో రెట్లు పెరుగుతుందన్నది నా వాదన.

ముందుగా బ్యాకప్. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ చాట్లు గూగుల్ ఖాతాలోకి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి వెళ్తాయి. మీరు ప్రత్యేకంగా ఆన్ చేయకపోతే ఆ నకలుకు ఎండ్ టు ఎండ్ రక్షణ ఉండదు. ముందు గుమ్మానికి గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తీసినట్టు. చట్టబద్ధమైన నోటీసుతో కంపెనీ దగ్గరికి వచ్చినవారికైనా, మీ గూగుల్ పాస్‌వర్డ్ కొట్టేసినవారికైనా ఆ దారి తెరిచే ఉంటుంది. 2021 చివర్లో వాట్సాప్ దీనికి మందు ఇచ్చింది: సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, అందులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అంకెల కీ తీసుకోవచ్చు. కీ తీసుకుంటే కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే ఫోన్‌తోపాటే పోతుంది. పాస్‌వర్డ్ మరిచిపోయి ఫోన్ కూడా పోతే పాత చాట్లు గోవిందా, వాట్సాప్ వాళ్లు కూడా తీయలేరు. తీయలేకపోవడమే దాని విలువ.

ఐఫోన్ వాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు. వాట్సాప్ బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసినా, ఫోన్ మొత్తానికి ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే అందులోకి వాట్సాప్ చాట్ల నకలు విడిగా చేరుతుంది. ఐక్లౌడ్ బ్యాకప్ జాబితాలో వాట్సాప్‌ను తీసేయాలి, లేదంటే యాపిల్ ఇచ్చే అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఆన్ చేయాలి. అది ఆన్ చేసేటప్పుడు రికవరీ కీ గానీ నమ్మకమైన ఒక రికవరీ కాంటాక్ట్ గానీ పెట్టమంటుంది, ఆ మెట్టు దాటేయడానికి లేదు.

ఫొటోలది మరో దారి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ గ్యాలరీలోకి దిగుతుంది, ఆ ఫోల్డర్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫొటోస్ దాన్ని క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంది. డాక్యుమెంట్ ఫొటో తీసి పంపుకునేవాళ్లు మీడియా విజిబిలిటీ ఆఫ్ చేయాలి, గూగుల్ ఫొటోస్‌లో వాట్సాప్ ఫోల్డర్ బ్యాకప్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఐఫోన్‌లో అయితే సేవ్ టు ఫొటోస్ అన్న మీట.

ఇంత చేసినా అవతలి మనిషి బ్యాకప్ మామూలుగా ఉంటే మీ మాటలన్నీ అక్కడ ఉన్నట్టే. ఈ రంగంలో ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. అవతలివారి ఫోన్ మీ చేతిలో ఉండదు కాబట్టి మీరు చేయగలిగేది మెసేజ్ ఆయుష్షు తగ్గించడం. డిసపియరింగ్ మెసేజెస్‌లో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. రోజువారీ మాటలకు ఏడు రోజులు చాలు. అవతలివారు స్క్రీన్‌షాట్ తీస్తే, ఇంకో ఫోన్‌తో ఫొటో కొడితే దేనికీ విరుగుడు లేదు.

ఇక సిమ్. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, మూడూ మిమ్మల్ని గుర్తుపట్టేది నంబరుతోనే, కొత్త ఫోన్‌లో తెరిచేది ఎక్కువగా ఎస్సెమ్మెస్ కోడ్‌తోనే. ఎస్సెమ్మెస్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. కంపెనీ లోపల అది తెరిచిన పోస్టుకార్డే. 2016లో రష్యాలో ప్రతిపక్ష ఉద్యమకారులిద్దరికి ఒక రాత్రి ఎస్సెమ్మెస్ సేవ ఆగిపోయింది, అదే సమయంలో కోడ్ వాడి ఎవరో వారి టెలిగ్రామ్ ఖాతాల్లోకి దిగారు. మామూలు టెలిగ్రామ్ చాట్లు సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి లోపలికి వచ్చినవాడికి పాత సంభాషణలన్నీ దొరుకుతాయి. ప్రభుత్వమే అక్కర్లేదు, నకిలీ కాగితాలతో డూప్లికేట్ సిమ్ తీసే దొంగకూ ఇదే దారి. సిమ్ మార్చాక ఏడు రోజులు పోర్టింగ్ కుదరదని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. అది వేరే కంపెనీకి నంబరు తరలించుకుపోవడాన్ని ఆపుతుంది గానీ, డూప్లికేట్ సిమ్‌లోకి వచ్చే కోడ్‌ను ఆపదు.

విరుగుడు పది నిమిషాల పని. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. అప్పుడు కోడ్ దొరికినవాడు కూడా పిన్ దగ్గర ఆగిపోతాడు. పిన్ మరిచిపోతే తెరిపించుకోవడానికి ఈమెయిల్ అడుగుతుంది. ఆ ఈమెయిల్ ఖాతాకు బలహీనమైన పాస్‌వర్డ్ ఉంటే పిన్ పెట్టి ఉపయోగం లేదు. సిగ్నల్‌లో దీని పేరు రిజిస్ట్రేషన్ లాక్, పిన్ పెట్టినంత మాత్రాన ఆన్ కాదు, విడిగా మీట నొక్కాలి. టెలిగ్రామ్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పాస్‌వర్డ్. ఫోన్ దొంగతనం భయమున్నవాళ్లు సిమ్ పిన్ కూడా పెట్టుకోవచ్చు, సిమ్ ఊడదీసి వేరే ఫోన్‌లో వేస్తే పని చేయదు. కాకపోతే డీఫాల్ట్ పిన్ కంపెనీని బట్టి మారుతుంది, ఊహించి మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే విడిపించే కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా చచ్చిపోతుంది. ముందే కస్టమర్ కేర్‌ను అడిగి మొదలుపెట్టండి. మీ పేరు మీద మీకు తెలియని నంబర్లు ఉన్నాయేమో కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

మీ ఖాతాకు కలిసిన పరికరాలు చూపే లింక్డ్ డివైసెస్ జాబితా నెలకోసారి చూడాల్సినదే. ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి మూయకుండా వచ్చేస్తే మీ ఎన్‌క్రిప్షన్ రెండో చివర ఆ ఆఫీసులో ఉన్నట్టు. ఫోన్ రెండు నిమిషాలు చేతికి దొరికినవాడు క్యూఆర్ స్కాన్ చేసి తన ల్యాప్‌టాప్‌ను కలుపుకుపోతే మీ ఫోన్‌లో పెద్ద గోలేమీ ఉండదు, ఆ జాబితాలో ఒక వరుస తప్ప. గ్రూపులో చేరే లింకు పేరుతో, అసలు పని పరికరాన్ని కలపడంగా ఉన్న క్యూఆర్ కోడ్‌లు పంపి రష్యా అనుకూల హ్యాకర్లు సిగ్నల్ ఖాతాల్లోకి దూరుతున్నారని గూగుల్ 2025 ఫిబ్రవరిలో బయటపెట్టింది.

యాప్ ఎంపిక గురించి క్లుప్తంగా. సినిమాలకీ స్టడీ మెటీరియల్‌కీ మన దగ్గర టెలిగ్రామ్ అలవాటైంది కాబట్టి అది రహస్యమైనదన్న భ్రమ బలంగా ఉంది. దాని మామూలు చాట్లకు, గ్రూపులకు ఎండ్ టు ఎండ్ లేదు. ఇద్దరి మధ్య విడిగా తెరిచే సీక్రెట్ చాట్‌కే ఉంది. కాపీరైట్ కేసులో ఢిల్లీ హైకోర్టు అడిగితే 2022లో టెలిగ్రామ్ ఛానళ్ల నిర్వాహకుల వివరాలు ఇచ్చింది కూడా. వాట్సాప్ మాటలను దాస్తుంది గానీ ఎవరు ఎవరితో, ఎప్పుడు అన్న చిట్టా దాని యజమాని కంపెనీ మెటా దగ్గర పోగవుతుంది. అమెరికా కోర్టుల నోటీసులకు సిగ్నల్ ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కలిసిన రోజు మాత్రమే. 2024 నుంచి సిగ్నల్‌లో యూజర్‌నేమ్ పెట్టుకుని నంబరు దాచుకోవచ్చు. ఒక జర్నలిస్టు తన సోర్స్‌తో మాట్లాడాలంటే నేను సిగ్నలే అంటాను. పిన్నికి పెళ్లి కబురు చెప్పడానికి వాట్సాప్ చాలు.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెలుగు టైపింగ్ కోసం పేరు ఊరు తెలియని కీబోర్డ్ యాప్‌లు వేసుకుంటాం. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేది మీరు సెండ్ నొక్కాక. కీబోర్డ్ అంతకు ముందే ప్రతి అక్షరాన్నీ చూస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలను తెలుగులోకి మార్చడానికి కొన్ని వాటిని తమ సర్వర్‌కు పంపుతాయి. చైనీస్ టైపింగ్ కీబోర్డులను కెనడా పరిశోధన సంస్థ సిటిజన్ ల్యాబ్ 2024లో పరీక్షిస్తే, చూసిన తొమ్మిది కంపెనీల్లో ఎనిమిదింటి యాప్‌లలో టైపు చేసిన అక్షరాలను దారిలో చదవగలిగే లోపాలు దొరికాయి. ఫోన్‌తో వచ్చిన కీబోర్డుకే తెలుగు చేర్చుకుని, మిగతావి తీసేయండి.

ఇవేవీ పనికిరాని సందర్భం ఒకటుంది. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీయమని, వాట్సాప్‌లో 'గంజా' అని వెతికిన వీడియోలు చూసే ఉంటారు. తెరిచి చేతికిచ్చిన ఫోన్‌లో ఏ ప్రోటోకాల్ అయినా ఒకటే. ఫోన్ తెరిచి చూపించమని దారిన పోయేవారిని నిలబెట్టి అడిగే అధికారం ఏ సెక్షన్ కిందో అన్న ప్రశ్న అప్పుడే లేచింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పిన తీర్పు అప్పటికే నాలుగేళ్ల పాతది. వాదించే ధైర్యం రోడ్డు మీద అందరికీ ఉండదు కాబట్టి, ఫోన్‌లో పాత మాటలు తక్కువ ఉండటమే మేలు. నాలుగంకెల పిన్ తీసి ఆరంకెలో, అక్షరాలతో కూడిన పాస్‌వర్డో పెట్టండి. ఫోన్ చేజారుతుందనుకుంటే ముందే స్విచ్చాఫ్ చేయండి. స్విచ్చాన్ అయ్యాక మొదటి పాస్‌వర్డ్ పడేదాకా డేటా తాళంచెవులు మెమరీలోకి రావు, వేలిముద్రా పనిచేయదు. ఫోరెన్సిక్ యంత్రాలకు ఆ స్థితిలో ఉన్న ఫోన్ చాలా కష్టం. ఇందుకే మూడు రోజులు తెరవకుండా పడి ఉన్న ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ అయ్యే ఏర్పాటును యాపిల్, ఆ తర్వాత గూగుల్ తెచ్చాయి.

స్పైవేర్, అంటే పరికరంలోకి దూరి నిఘా వేసే సాఫ్ట్‌వేర్ సంగతి వేరు, అది దారి చివరనే దాక్కుంటుంది. మావోయిస్టులతో సంబంధాలున్నాయని హక్కుల కార్యకర్తలపై పెట్టిన భీమా కోరేగావ్ కేసు నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించిన అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 నివేదిక ప్రకారం, 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి వచ్చిన ఒక ఫైలు తెరవడంతో నెట్‌వైర్ అనే మాల్వేర్ అందులో చేరింది. దానితో దాదాపు 22 నెలలు ఆ యంత్రాన్ని దూరం నుంచి నడిపి, తర్వాత సాక్ష్యంగా చూపిన ఉత్తరాలను అందులో పెట్టారని ఆ నివేదిక చెబుతోంది. అక్కడ వాడినది అప్పట్లో అంగట్లో చౌకగా దొరికిన మాల్వేర్. తెలిసిన మనిషి పేరుతో వచ్చినా సరే, కంప్రెస్ చేసిన ఫైలు తెరిచేముందు ఫోన్ చేసి అడగడం ఒక్కటే దానికి సరిపడే మందు.

ఇజ్రాయెల్‌లో తయారైన స్పైవేర్ పెగాసస్‌కు ఫైలు తెరవాల్సిన పని కూడా లేదు. యాపిల్ 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 14.8తో మూసిన లోపం మెసేజ్ వచ్చి పడితే చాలన్న రకం. మన దేశంలో దాన్ని వాడారన్న ఆరోపణల మీద సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక కమిటీ 29 ఫోన్లు చూసి ఐదింట్లో ఏదో మాల్వేర్ ఉందని, అది పెగాససేనని తేల్చలేమని చెప్పింది. కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ కోర్టులోనే చదివి వినిపించారు. 2023 అక్టోబరు 31న యాపిల్ హెచ్చరికలు వచ్చిన నాయకుల్లో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒకరు. ఇలాంటి హెచ్చరిక అందుకునే స్థాయిలో ఉన్నవారికి ఐఫోన్‌లోని లాక్‌డౌన్ మోడ్ తప్పదు. చాలా రకాల అటాచ్‌మెంట్లు రావు, లింకుల ప్రివ్యూ కనిపించదు, కొన్ని వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు, భరించాలి. ఆండ్రాయిడ్ 16లో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అలాంటిదే. మిగతా మనకు అప్‌డేట్ వచ్చిన వారంలోగా వేసుకోవడం, అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్‌లో ముఖ్యమైన మాటలు ఆడకపోవడం. రోజుకోసారి రీస్టార్ట్ చేస్తే మెమరీలో మాత్రమే బతికే రకం పోతుంది, దాడి మళ్లీ జరగదన్న హామీ లేదు.

2జీ ఆఫ్ చేయమని కూడా సలహా ఇస్తుంటారు. నకిలీ టవర్లకు చాలా పాత దారి అది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ మీట ఉంది. జియోకు 2జీ లేనే లేదు. ఎయిర్‌టెల్, వీఐ సిమ్‌లతో 4జీ సిగ్నల్ అందని పల్లెల్లో మాత్రం అది ఆఫ్ చేస్తే కాల్సే రావు, ఊరెళ్లేముందు గుర్తుపెట్టుకోండి.

దాచలేనిది ఒకటి మిగులుతుంది: చిట్టా. ఎవరికి కాల్ చేశారు, ఏ టవర్ కింద ఉన్నారు, ఏ ఐపీకి కలిశారు అన్నది కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో లైసెన్స్ షరతు మార్చారు. దాన్ని అడగడానికి హోం కార్యదర్శి సంతకమూ అక్కర్లేదు. మీ నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా మళ్లించే వీపీఎన్ వేసుకుంటే, ఏ ఐపీకి కలిశారన్నది మాత్రం కంపెనీ బదులు వీపీఎన్ వాడికి కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ వీపీఎన్‌లు కస్టమర్ వివరాలు ఐదేళ్లు ఉంచాలంది, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఇక్కడి సర్వర్లు తీసేసి వెళ్లిపోయాయి. ఉచిత వీపీఎన్ జోలికి పోకండి, మీ డేటా అమ్ముకోకపోతే దానికి ఖర్చులు ఎలా వెళ్తాయో అడగండి. దుబాయ్, అబుదాబిలో ఉన్న కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ వాళ్లకు అదనంగా ఇంకో ముప్పు: అక్కడ వాట్సాప్ కాల్స్ నడవవు, ఇంటికి మాట్లాడటానికి వీపీఎన్ వేస్తారు. వీపీఎన్‌ను నేరానికి వాడితే అక్కడి చట్టం కింద జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. అనుమతి ఉందన్న యాప్ అంతా భద్రమనీ కాదు. ఉచితంగా కాల్స్ ఇచ్చిన టోటాక్ గూఢచర్యం కోసమేనని 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసింది, ఆ నెలలోనే గూగుల్, యాపిల్ రెండూ దాన్ని తీసేశాయి. అక్కడి యాప్‌లో కుశల ప్రశ్నలు మాట్లాడుకుని, జీతం బకాయిల మీద ఫిర్యాదులు, పాస్‌పోర్ట్ ఫొటోల్లాంటివి వాట్సాప్ మెసేజ్‌లో పంపుకోవడం మేలు, మెసేజ్‌లు అక్కడా నడుస్తాయి.

ఇదంతా ఎన్‌క్రిప్షన్ నిలిచి ఉన్నంత వరకే. 2021 ఐటీ నిబంధనల్లో ఒక మెసేజ్‌ను మొదట పంపిందెవరో చెప్పగలగాలని పెద్ద మెసేజింగ్ కంపెనీలకు షరతు పెట్టారు. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది, ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమంటే దేశం వదిలిపోతామని 2024 ఏప్రిల్‌లో దాని లాయర్ కోర్టులో చెప్పారు. పుకార్ల వల్ల మూకదాడులు జరిగిన దేశంలో ప్రభుత్వ వాదనను కొట్టిపారేయలేం. కానీ ఏ మెసేజ్ మూలం రేపు అడుగుతారో ముందే తెలియదు కాబట్టి అందరి మెసేజ్‌లకూ గుర్తు వేసి దాచాలి. పుకారు పుట్టించేవాడు ఫేస్‌బుక్‌లోదో ఎక్కడిదో కాపీ చేసి కొత్తగా అతికిస్తే గొలుసు అక్కడికక్కడే తెగిపోతుంది. మొదట పంపినవాడు విదేశంలో ఉంటే, దేశంలో మొదట పంపినవాడినే మూలంగా లెక్కించాలని ఆ నిబంధనలోనే రాసుకున్నారు. అంటే అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిన వీడియోను ముందుగా ఊరి గ్రూపులో వేసిన అక్కే చట్టం దృష్టిలో దాన్ని పుట్టించిన మనిషి.